భర్త పౌరసత్వము – భార్య స్థితి

"అల్లుడుగారు అమెరికా పౌరులైరట. ఇక మా అమ్మాయికిని దిగులు లేదు" అని కాకినాడలో నొక తల్లి సంతోషముతో పలుకగా వింటిని. ఆ సంతోషము సహజమే. భర్త గోత్రమే భార్య గోత్రమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. పౌరసత్వముకూడ అట్లే మంగళసూత్రముతో సంక్రమించునని తలచుట వింత గాదు. కాని నేటి చట్టము అట్లు చెప్పుట లేదు. ఈ భేదము తెలియక చిక్కులు పడు స్త్రీలు గలరు గావున, సోదరీమణులు ఈ సంగతిని కొంత తెలిసికొనుట యావశ్యకము.

ఒకప్పుడు చట్టముకూడ ఆ తల్లివలెనే తలచెడిది. బ్రిటిషు సామ్రాజ్యమున 1914వ సంవత్సరపు చట్టము ప్రకారము బ్రిటిషు ప్రజను పెండ్లాడిన స్త్రీ బ్రిటిషు ప్రజగను, పరదేశీయుని పెండ్లాడిన స్త్రీ పరదేశీయురాలుగను ఎంచబడుచుండెను. అమెరికాలో 1907లో చేసిన చట్టమును ఇట్టిదే. 1922లో దానిని సవరించిరి గాని, పౌరసత్వమునకు అర్హుడు గాని పురుషుని వివాహమాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమును గోల్పోవుట మానలేదు. మరుసటియేడే భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీముకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులు గారని తీర్పు చెప్పెను. అందుచే భారతీయులను పెండ్లాడిన అమెరికా స్త్రీలు తాము పుట్టిన దేశముననే పరాయివారైరి. ఈ యన్యాయము 1931లో తొలగెను. భారతీయులకు పౌరసత్వపు తలుపు మాత్రము 1946లో లూస్-సెల్లర్ చట్టముతోనే తెరువబడెను.

మన గోదావరి మండలమునకు కీర్తి తెచ్చిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ కాలమువారే. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాకు పోయి, ఔషధశాస్త్రమున నసాధారణ కృషి చేసిన యా మహనీయుడు ఆ దేశపు పౌరుడు గాకయే 1948లో అచ్చట మరణించెను. ఆయన ధర్మపత్ని స్వదేశముననే యుండిపోయెను. కాకినాడ రేవునుండి రంగూనునకు పోయిన మన కుటుంబములకు మొదట నిట్టి పత్రముల బాధ లేదు. 1937 వరకు బర్మా ఇండియాలోని భాగమే గదా! ఆ యేట బర్మా వేరుపడిన పిమ్మట, పుట్టిన దేశమేది, ఉన్న దేశమేది యను ప్రశ్న వారి యిండ్లలోనికిని వచ్చెను.

ఇప్పటి సంగతి చూతము. మన పిల్లలలో పెక్కుమంది అమెరికాకు హెచ్-1బి వీసాపై ఉద్యోగమునకు పోవుచున్నారు. భార్యకు హెచ్-4 అను వీసా లభించును. ఇది కేవలము భర్త వీసాను ఆశ్రయించియుండునట్టిది. భర్త ఉద్యోగము పోయినచో నిదియు నిలువదు. దీనిపై ఉద్యోగము చేయుటకు సామాన్యముగా వీలు లేదు. భర్త శాశ్వతనివాసపు అర్జీ కొంత ముందుకు సాగియున్న భార్యలకు మాత్రము 2015లో అనుమతి నిచ్చిరి.

రెండవ మెట్టు గ్రీన్ కార్డు, అనగా శాశ్వతనివాసపు హక్కు. ఇచట పెండ్లి తేది ముఖ్యము. భర్తకు కార్డు రాకపూర్వమే వివాహము జరిగియున్నచో, భార్య యాతని యర్జీలోనే చేరవచ్చును. కార్డు వచ్చిన పిమ్మట వివాహమైనచో, ఆతనికి హెచ్-1బి లేదు గనుక ఆమెకు హెచ్-4 రాదు. ఆమె కొరకు భర్త వేరుగా అర్జీ పెట్టవలెను. అట్టివారికి ఏటేట నిచ్చు వీసాలకు పరిమితి గలదు గాన, తన వంతు వచ్చువరకు ఆమె పుట్టింటనో అత్తవారింటనో వేచియుండవలసినదే. నెల రోజుల సెలవుపై వరుడు వచ్చి పెండ్లి చేసికొని పోవు నిండ్లవారు, ముహూర్తముతోపాటు ఈ సంగతిని గూడ విచారించుట మేలు.

భర్త పౌరుడైనప్పుడు కలుగు గొప్ప మార్పు ఇచటనే. పౌరుని భార్యకు ఆ వార్షిక పరిమితి లేదు. అర్జీ పరిశీలనకు పట్టు కాలమే గాని, వంతుకొరకు నిరీక్షణ యుండదు. అయితే భర్త తన పౌరసత్వపు పత్రమును పంపి, తన స్థితి మారినదని అధికారులకు తెలుపవలెను. మరియొక మెలిక గలదు. పూర్వపు అర్జీలో తల్లితోపాటు పిల్లలును చేరియుందురు. తండ్రి పౌరుడైన పిమ్మట ఒక్కొక్క బిడ్డకు వేరువేరుగా అర్జీ కావలెను. తల్లి వీసా వచ్చి బిడ్డ వీసా రాని సంకటము దీనిని మరచుటవలననే కలుగును.

ఇంతమాత్రముచే భార్య పౌరురాలు గాదు. గ్రీన్ కార్డు పొందునాటికి వివాహమై రెండేండ్లు నిండనిచో, ఆ కార్డు షరతుతో కూడినది. రెండేండ్ల గడువు తీరుటకు ముందు 90 దినములలో దంపతులిద్దరును కలిసి మరల అర్జీ పెట్టి ఆ షరతును తొలగించుకొనవలెను. పిమ్మట, పౌరుడైన భర్తతో మూడేండ్లు కాపురము చేసిన భార్య తానును పౌరసత్వమును కోరవచ్చును, ఇతరులకు అయిదేండ్లు. అర్జీయు పరీక్షయు ప్రమాణమును ఆమెవే.

కష్టకాలమునకును చట్టమున దారులు గలవు. పౌరుడైన భర్త గతించినచో, వితంతువు రెండేండ్లలోగా తానే అర్జీ చేసికొనవచ్చును. భర్త హింసించుచున్నచో, ఆతనికి తెలియకుండగనే భార్య తన కొరకు తాను అర్జీ పెట్టుటకు 1994వ సంవత్సరపు చట్టము వీలు కల్పించినది. "నేను లేనిచో నీకు ఇక్కడ నిలువ నీడ లేదు" అని బెదరించు భర్త మాటలన్నియు నిజములు గావని మన యాడుబిడ్డలు తెలిసియుండవలెను.

ఇక లాభముల విషయము. భార్య కొరకు భర్త పోషణ పూచీపత్రము వ్రాసియిచ్చును. విడాకులైనను ఆ పూచీ తీరదు. ఆమె పౌరురాలగువరకో, దాదాపు పదియేండ్ల పని లెక్కకు వచ్చువరకో నిలుచును. వార్ధక్యమున భర్త పింఛనును బట్టి, అందు సగము మించకుండ భార్యకును భృతి లభించును. వివాహము పదియేండ్లు నిలిచినచో, విడాకులు పొందిన స్త్రీకిని దీనియందు హక్కు గలదు. ఇది భర్త పౌరసత్వమును బట్టి గాక, ఆతడు పనిచేసి పన్ను చెల్లించిన కాలమును బట్టి వచ్చునది. పేదలకిచ్చు ప్రభుత్వసహాయము మాత్రము గ్రీన్ కార్డువారికి చాలవరకు అయిదేండ్లు గడచినగాని దొరకదు.

మన దేశపు చట్టముకూడ స్త్రీని వేరు వ్యక్తిగనే చూచుచున్నది. 1955వ సంవత్సరపు పౌరసత్వ చట్టము ప్రకారము, తాను కోరి అన్యదేశ పౌరుడైనవాడు భారత పౌరసత్వమును గోల్పోవును. భార్యది పోదు. ఆతడు 2005లో నేర్పడిన ఓ.సి.ఐ. కార్డు పొంది యథేచ్ఛగా వచ్చిపోవచ్చును గాని, ఓటు లేదు. పంటపొలము కొనరాదు, వారసత్వముగా మాత్రము పొందవచ్చును. అట్లే మన పౌరుని పెండ్లాడి వచ్చిన పరదేశపు కోడలు వెంటనే భారతీయురాలు గాదు. ఏడేండ్లు ఇచట నివసించి పౌరసత్వమును కోరవలెను. లేదా రెండేండ్ల వివాహము పిమ్మట ఓ.సి.ఐ. కార్డు పొందవచ్చును. విడాకులైనచో ఆ కార్డు రద్దు గావచ్చును.

కావున భర్త పౌరసత్వము భార్యకు తలుపు తెరచును; గడప దాటవలసినది ఆమెయే. నియమములు మారుచుండును గనుక, ప్రతి మెట్టునను తెలిసిన న్యాయవాదిని సంప్రదింపవలెను. వివాహపు రిజిస్ట్రీ పత్రము, పాసుపోర్టు, అర్జీల నకళ్లు, భర్త పౌరసత్వపు పత్రపు నకలు, ఇవి భర్త బీరువాలోనే గాక భార్య పెట్టెలోను ఉండవలెను. అమ్మాయిని విదేశమునకు సాగనంపునప్పుడు సారెలో కాజాలు, పసుపుకుంకుమలు పెట్టుట మనకు వాడుక. ఇకమీదట ఆ పత్రముల కట్టను గూడ వానితో పెట్టుట మంచిది.