డబ్బా ముందు మాట, డబ్బా వెనుక నిజం

పండుగ దగ్గర పడినా, ఇంట్లో నికాహ్ ఖాయమైనా మన ఇళ్లలో ముందుగా గుర్తుకొచ్చేవి గోరింటాకు కోన్లు, సుర్మా సీసా, ముఖానికి రాసుకునే క్రీము. కొట్టులో వాటి డబ్బాలపై 'నేచురల్', 'హెర్బల్', 'కెమికల్స్ లేవు', 'డాక్టర్లు పరీక్షించినది' అనే మాటలు మెరుస్తుంటాయి. ఆ మాటలు చూసే కొంటాం. కిలో అంటే ఎంతో మనకు తెలుసు. 'నేచురల్' అంటే ఎంతో డబ్బా చెప్పదు. అందుకే ఈ మాటలను కాస్త విప్పి చూడాలి.

గోరింటాకు నల్లగా పండదు

అసలు గోరింటాకు నారింజ రంగుతో మొదలై ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపులోకి మారుతుంది. గంటలోనే నల్లగా పండే కోనులో ఆకు ఒక్కటే ఉండదు. చాలాసార్లు జుట్టు రంగుల్లో వాడే పీపీడీ (పారా ఫినైలీన్ డయమైన్) కలుపుతారు. పీపీడీ ఉన్న జుట్టు రంగు వాడేముందు కొద్దిగా రాసి పరీక్షించుకోవాలని, కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చని డబ్బాపై హెచ్చరిక వేయాలన్నది మన దేశ నిబంధన. అదే పదార్థం 'నేచురల్ బ్లాక్ మెహందీ' పేరుతో పెళ్లికూతురి చేతులపైకి వస్తోంది. ఇది పడనివారికి దురద, బొబ్బలు వస్తాయి, మచ్చలు మిగిలిపోవచ్చు. ఒకసారి పడకపోతే తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా ఆ బాధ తిరగబెడుతుంది.

రాయి కూడా సహజమే

సుర్మా పెట్టుకోవడం మనలో తరతరాలుగా వస్తున్న అలవాటు. ఆ అలవాటును తప్పుపట్టనక్కర్లేదు. సీసాలో ఉన్నది ఏ రాయి పొడి అన్నదే ప్రశ్న. బజారులో దొరికే సుర్మాల్లో కొన్నింటిని గెలీనా అనే ఖనిజంతో చేస్తారు. అది సీసపు ధాతువు. భూమిలో దొరికేదే కనుక 'సహజం' అన్న మాట అబద్ధం కాదు, కానీ సీసం విషమన్నదీ అంతే నిజం. కంటికి పెట్టింది చేతికంటి, చేతి నుంచి నోట్లోకి పోతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని తిరిగి పూడ్చలేనిది.

తెలుపు వెనుక పాదరసం

'ఫెయిర్ అండ్ లవ్లీ' 1975లో మన దేశంలో బజారుకొచ్చింది. 2020లో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. 'తెలుపు' అన్న మాటకు విమర్శలు పెరిగేసరికి 'గ్లో', 'బ్రైట్' వంటి మాటలు ముందుకొచ్చాయి. 'కాంతి'కి కొలబద్ద ఏది?

పేరూ ఊరూ లేని క్రీములది ఇంకా పెద్ద ప్రమాదం. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆస్పత్రి వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన ఒకే రకం జబ్బు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు రాసుకున్నవారే. అలాంటి క్రీముల్లో కలిపే పాదరసం చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది.

కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్లు ఉంటాయి. కొద్ది రోజులు ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని ఆదేశించింది.

పరీక్షించారు సరే, ఫలితం?

'డెర్మటాలజిస్టులు పరీక్షించినది' అంటారు. ఎంతమందిపై, ఎన్నాళ్లు, ఏం తేలింది? డబ్బా పలకదు. 'హైపో అలర్జెనిక్' అన్న మాటకు రుజువు చూపాలని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో నిబంధన తెచ్చింది. రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. 1977లో ఆ నిబంధన కొట్టివేతకు గురైంది. నేటికీ ఆ మాటకు అక్కడ చట్టం ఇచ్చిన అర్థం లేదు. ఇక 'కెమికల్స్ లేవు' అన్నది మరీ విడ్డూరం. మనం తాగే నీరు కూడా రసాయనమే.

'హలాల్' ముద్ర సంగతీ తెలుసుకోవాలి. నిషిద్ధ పదార్థాలు కలవలేదని అది ప్రధానంగా చెబుతుంది. మీ చర్మానికి పడుతుందని అది హామీ ఇవ్వదు. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

కొనేముందు

డబ్బా తిప్పి చూడండి. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. కలబంద బొమ్మ ముందు పెద్దదిగా ఉండి, జాబితాలో దాని పేరు చిట్టచివర ఉంటే సంగతి అర్థమైపోతుంది. మెర్క్యురీ, కాలోమెల్, బెటామెథాసోన్, క్లోబెటాసాల్ పేర్లు కనిపిస్తే, అసలు జాబితాయే లేకపోతే, అక్కడే పెట్టేయండి. గోరింటాకైతే ఆకు తెచ్చి ఇంట్లో నూరుకోవడం మేలు.

పెళ్లికూతురి చేయి పండడానికి ఒక రాత్రి ఆలస్యమైతే నష్టమేమీ లేదు. ఆ చేతిపై మచ్చ పడితే మాత్రం అది జీవితాంతం ఉండిపోవచ్చు.