25 రోజులు, 100 వచనాలు

లూకా సువార్త మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి. రెండో అధ్యాయంలో యేసు పుట్టుక, గొర్రెల కాపరులు వచ్చి చూసి వెళ్లడం 20వ వచనంతో ముగుస్తాయి. రెండూ కలిపితే 100. డిసెంబరు 1 నుంచి క్రిస్మస్ దాకా 25 రోజులు. రోజుకు నాలుగు వచనాలు, మిగులు లేదు. బళ్లారి దగ్గరి సంగనకల్లు లాంటి ఊళ్లో పత్తి తీతకు వెళ్లినవాళ్లూ, బళ్లారిలో జీన్స్ కుట్టి వచ్చినవాళ్లూ ఇల్లు చేరేసరికే పొద్దుపోతుంది. నాలుగు వచనాలు బిగ్గరగా చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అందుకే క్రిస్మస్ ముందు ఇంట్లో ఏం చేద్దామని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ లెక్కే చెబుతాను.

ఇంత చిన్న ముక్కలుగా చదివితే కథ తెగిపోదా? తెగదు. డిసెంబరు 7న గబ్రియేలు దూత మరియ ఇంటికి వస్తాడు, 10న ఆమె ఒప్పుకుంటుంది. 12 నుంచి 14 దాకా ఆమె పాట నడుస్తుంది. 20న మొదటి అధ్యాయం సరిగ్గా పూర్తవుతుంది. 21న జనసంఖ్య రాయించుకోవాలన్న ఆజ్ఞ, 22న పశువుల తొట్టెలో శిశువు. 24 రాత్రి చదివే నాలుగు వచనాల్లో చివరిది కాపరులు ఆ తొట్టె దగ్గరికి చేరుకోవడం. అర్ధరాత్రి ఆరాధనకు బయల్దేరే ముందు ఇంతకన్నా సరైన చోటు మరొకటి దొరకదు.

ఒక రోజు తప్పితే? మరుసటి రోజు ఎనిమిది చదవండి. వారం తప్పితే పాత బాకీ తీర్చే పని పెట్టుకోవద్దు. తేదీని నాలుగుతో హెచ్చించండి, ఆ రోజు చదవాల్సిన చివరి వచనం వస్తుంది. 13వ తేదీ అయితే 52, అంటే 49 నుంచి 52 దాకా. 20 దాటాక తేదీలోంచి 20 తీసేసి హెచ్చిస్తే రెండో అధ్యాయం లెక్క దొరుకుతుంది. మధ్యలో వచ్చి కూర్చున్న చుట్టానికి కూడా ఎక్కడున్నామో క్షణంలో చెప్పొచ్చు.

ఇలాంటి తెలుగు-కన్నడ సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కుంది. అమ్మానాన్నలది తెలుగు బైబిల్, పిల్లలకు బడిలో వచ్చింది కన్నడ. దీన్ని సౌకర్యంగా మార్చుకోవచ్చు. రెండు బైబిళ్లలోనూ అధ్యాయాలు, వచనాల లెక్క ఒకటే. రెండు వచనాలు పెద్దవాళ్లు తెలుగులో, రెండు పిల్లలు కన్నడలో చదివితే సరి. ఈ రెండు అనువాదాల చరిత్రా ఒకే గుమ్మం దగ్గర కలుస్తుంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారి చేరి, కన్నడ బైబిల్ అనువాదానికి పూనుకున్నాడు. అదే సొసైటీకి చెందిన ఆగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నంలో తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాటిలో లూకా కూడా ఉంది.

ఇక్కడో సందేహం రావాలి. చర్చిలో చెప్పే అడ్వెంట్ డిసెంబరు 1నే మొదలవుతుందా? కాదు. అడ్వెంట్ అంటే ఆగమన కాలం, క్రీస్తు రాక కోసం ఎదురుచూసే వారాలు. అది క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం మొదలవుతుంది కాబట్టి నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య ఎక్కడైనా పడొచ్చు. 2026లో నవంబరు 29న వస్తుంది. 2028లో డిసెంబరు 3న. నిడివి 22 రోజుల నుంచి 28 రోజుల దాకా మారుతుంది. ఇంటి లెక్కకు మాత్రం ఏటా మారని తేదీయే సుఖం. కేరళ సిరియన్ క్రైస్తవులు క్రిస్మస్ ముందు పట్టే ఉపవాసం కూడా డిసెంబరు 1నే మొదలవుతుంది, పేరే ‘25 నోంబు’.

కేథలిక్కులకూ సి.ఎస్.ఐ. వాళ్లకూ ఆగమన కాలం ఆరాధన క్రమంలోనే ఉంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలాచోట్ల ఆ పేరే వినిపించదు. మరి వాళ్లు ఇది చేయొచ్చా? కుటుంబ ప్రార్థనలో లూకా చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండో అభ్యాసం మౌనం, దానికి గురువు ఈ కథలోనే ఉన్నాడు. దేవదూత మాట నమ్మని యాజకుడు జెకర్యాకు మాట పోతుంది. మన లెక్కలో అది డిసెంబరు 5న. కొడుక్కి పేరు పెట్టే వేళ, డిసెంబరు 16న చదివే వచనాల్లో, అతనికి మళ్లీ నోరు తెరుచుకుంటుంది. నడుమ 5 నుంచి 15 దాకా 11 సాయంత్రాలు. ఆ సాయంత్రాల్లో చదివాక ఐదు నిమిషాలు అందరూ మాట్లాడకుండా కూర్చోండి. ఫోన్లు పక్క గదిలో ఉండనివ్వండి. ఏం ఆలోచించాలని పిల్లలు అడుగుతారు. ఇప్పుడు విన్న నాలుగు వచనాల్లో గుర్తున్న ఒక్క మాట చాలు. 25 రోజులూ చేసినా మొత్తం 125 నిమిషాలు, ఒక తెలుగు సినిమా కన్నా తక్కువే.

మూడోది వంటింట్లో జరిగేది. రాత్రి వంటకు బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. పిడికెడంటే సుమారు 40 గ్రాములు. 25 రోజులకు కిలో. రెండు పూటలా తీస్తే రెండు కిలోలు, పది ఇళ్లు కలిస్తే 20 కిలోలు. నలుగురున్న ఇంట్లో రెండు పూటలకూ కలిపి కిలో ఉడుకుతుందనుకుంటే అది 20 రోజుల బియ్యం. జొన్నరొట్టె తినే ఇల్లయితే పిడికెడు జొన్నలు. మిజోరం క్రైస్తవులు 1910 నుంచి ఇలా పిడికెడు బియ్యం తీసి చర్చికి ఇస్తున్నారు. మొదటినుంచీ ఆ పని వంటచేసే ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగింది. ఇచ్చేటప్పుడు మాత్రం మైకులో దాతల పేర్లు చదివించొద్దు. పుచ్చుకునేవాళ్లు కూడా ఆ ఊళ్లోనే ఉంటారు కదా.

ఉపవాసం తప్పనిసరా? కేథలిక్కులకు కూడా ఆగమన కాలంలో కట్టడి ఉపవాసం లేదు. వాళ్లకు నియమంగా ఉన్నవి బూడిద బుధవారం, శుభ శుక్రవారం. ఉండాలనుకుంటే శుక్రవారం ఒక పూట చాలు. డిసెంబరు 1 నుంచి 24 దాకా మూడో నాలుగో శుక్రవారాలు వస్తాయి. షుగర్ మందు వేసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పూట మానొద్దు. వాళ్లు మాంసమో టీయో మానుకున్నా సరిపోతుంది.

కొవ్వొత్తుల సంగతి. పచ్చటి ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి ఆదివారానికొకటి చొప్పున పెంచుతూ వెలిగించే పద్ధతి జర్మనీది. 1839లో హాంబర్గ్‌లో పేదపిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్ ఒక బండిచక్రం మీద 24 కొవ్వొత్తులు పెట్టాడు, ఆదివారాలకు నాలుగు పెద్దవి, మిగతా రోజులకు 20 చిన్నవి. పండగ ఇంకా ఎన్నాళ్లని పిల్లలు రోజూ అడుగుతుంటే ఇదే జవాబుగా నిలబెట్టాడని చెబుతారు. మన ఇంటికి నాలుగు చాలు. ఆదివారానికి పావుగంట చొప్పున వెలిగిస్తే మొదటిది గంట, రెండోది ముప్పావుగంట, మూడోది అరగంట, నాలుగోది పావుగంట కాలుతుంది. ఊదా రంగువే కావాలని బళ్లారి బజారంతా తిరగనక్కర్లేదు, తెల్లవైనా అదే వెలుగు. నన్నడిగితే ఈ జాబితాలో మానేసినా నష్టం లేనిది ఇదొక్కటే, కానీ పిల్లలు ముందుగా పట్టుకునేదీ ఇదే.

సెమీ క్రిస్మస్‌లు, రాత్రి క్యారల్స్ ఉన్నప్పుడు ఇదంతా కుదురుతుందా? క్యారల్స్‌కు బయల్దేరే ముందే ఆ రోజు నాలుగు వచనాలూ చదివేయండి. బృందం గుమ్మంలో నిలబడ్డప్పుడే చదివితే ఇంకా మంచిది. పాడే గొంతులు అప్పటికే సిద్ధంగా ఉంటాయి.

పండగయ్యాక ఆపాలనిపించకపోతే రెండో అధ్యాయంలో ఇంకా 32 వచనాలున్నాయి. అదే లెక్కన డిసెంబరు 26న మొదలుపెడితే జనవరి 2కి పూర్తవుతాయి. అందులో 21వ వచనం శిశువుకు ఎనిమిదో రోజున పేరు పెట్టిన సంగతి. క్రిస్మస్ నుంచి లెక్కిస్తే ఎనిమిదో రోజు జనవరి 1 అవుతుంది కాబట్టి, ఆ ఒక్క వచనాన్ని కొత్త సంవత్సరం ఉదయం మరోసారి చదువుకోవచ్చు.