పల్లవి నెవరు పాడవలెను?

పలాస, కాశీబుగ్గ జంటపట్టణములనుండి టెక్కలివరకును, ఇటు సముద్రపుటొడ్డుదాక కొబ్బరితోటలును జీడితోటలును అల్లుకొనియున్న ఉద్దానపు పల్లెలలోను, ఆదివారమునాడు ఆరాధన జరుగు మందిరములు పెక్కు కలవు. వానిలో కొన్నింట నేడు సంఘపెద్దలకును యవ్వనస్థులకును నడుమ, సిద్ధాంతమును గురించి కాక, పాటను గురించి ఒక వివాదము నడచుచున్నది. డోలకు, తాళములు, హార్మోనియము మనకు చాలునని పెద్దలందురు. కీబోర్డు, ప్యాడ్లు, గిటారు లేని మందిరమునకు తమ ఈడువారెవ్వరు వత్తురని పిల్లలడుగుదురు. సినిమాపాట నడకలో దేవుని స్తుతించుట తగునా, తగదా యని ఇరువురును సంఘకాపరియగు అయ్యగారి ముఖము చూతురు. అయ్యగారు, పెద్దల కానుకయు పిల్లల రాకయు రెండును కావలసినవాడగుటచేత, ఒక పాట అదియు ఒక పాట ఇదియు పాడించి ఆ పూటకు గండము గట్టెక్కించును.

ఈ వివాదమున పెద్దలు పాతపాట యని దేనిని పేర్కొందురో దానిని ముందుగా విచారింపవలెను. వారి చేతిలోని పుస్తకము 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. దానికి ప్రాణప్రతిష్ఠ చేసిన కవులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. ఆయన ఈ ప్రాంతపు బిడ్డయే. నాటి గంజాము మండలపు తర్లాసీమలో, మదనపురమను గ్రామమున, బ్రాహ్మణకుటుంబమున 1803లో జన్మించి, సంస్కృతాంధ్రోత్కళభాషలను అభ్యసించి, క్రైస్తవ కరపత్రములను చదివి చిరకాలము తర్కించుకొని, 1833లో కటకమునందు బాప్తిస్మము పొందినాడు. పిమ్మట దాదాపు అర్ధశతాబ్దము ఊరూర సువార్త చెప్పుచు, యేసు నాయక శతకమును, నూటికి పైబడిన కీర్తనలను రచించి, 1890లో పరమపదించినాడు.

ఆయన బాప్తిస్మము పొందిన నాటికి తిరువయ్యారులో త్యాగరాజస్వామి జీవించియే ఉన్నాడు. ఆ సంగతి తలచుకొన్నచో ఈ తగవంతయు వేరొక వెలుగులో కనబడును. కీర్తన మనకు ప్రాచీనము. చౌదరికి మాత్రము అది సమకాలికము. భజనగోష్ఠులలోను, వీథిభాగవతములలోను జనులు నిత్యము వినుచుండిన రాగములనే, పల్లవి చరణముల చట్రమునే ఆయన గైకొని, అందు క్రీస్తుకథను పొదిగినాడు. ఆనందభైరవి, సావేరి, మోహన అప్పటివరకు ఏ దేవతను కొలిచినవో శ్రోతలకు తెలియనిది కాదు. విగ్రహముల యెదుట పాడిన రాగము మందిరమునకు తగునా యని ఆ కాలపు భక్తుడెవడైనను శంకించియుండిన, ఆ శంక నేటి పెద్దల శంకకంటె బలమైనదే యగును. నాటి సాహసము నేటికి సంప్రదాయమైనది.

దొరలు తెచ్చిన పాటలును లేకపోలేదు. విశాఖపట్టణమున లండను మిషనువారు 1805 నుండియు, శ్రీకాకుళపు సీమలో కెనడా బాప్టిస్టులు 1875 తరువాతను పనిచేసిరి. టెక్కలి, సోంపేట వారి కేంద్రములాయెను. ఆంగ్లగీతములను తెనిగించి ఆంగ్లపు వరుసలకే పాడించిరి గాని, ఆ పాటలోని ఊనిక యొకచోట పడగా తెలుగు మాటలోని ఊనిక మరియొకచోట పడుటచేత, మాట విరిగి, అర్థము చెదరి, చదువురాని పాలేరుకును జాలరికిని అవి నాలుకపై నిలువలేదు. కీర్తన మాత్రము నిలిచినది. కారణము రాగమాధుర్యమొక్కటే కాదు, దాని కట్టడి. చదువు వచ్చిన యొకడు చరణము నెత్తుకొనును. అక్షరమెరుగని సంఘమంతయు పల్లవి నందుకొనును. పుస్తకము కొనలేనివాడును, చూచి చదువలేనివాడును మూడవ చరణమునాటికి గాయకుడై కూర్చుండును. మా అభిప్రాయమున ఈ విషయమంతయు ఇక్కడనే ఉన్నది. శేషము వాద్యములను గూర్చిన కలహము.

వాద్యములకేమి? పెద్దలు తమదని చెప్పుకొను హార్మోనియము పందొమ్మిదవ శతాబ్దమున పారిసునగరమున పుట్టి, కలకత్తాలో చేతిపెట్టెగా మారి, మన యింటికి వచ్చినది. ఇది భారతీయ సంగీతమునకు పనికిరాదని ఆకాశవాణి 1940లో దానిని వెలివైచి మూడు దశాబ్దములు బయటనుంచినది. అట్టి హార్మోనియము నేడు కీబోర్డును చూచి పరాయిదని ముఖము చిట్లించుట కొంత వినోదముగానే ఉన్నది.

లోకములోని తక్కిన సంఘములును ఈ కష్టము పడినవే. నాలుగవ శతాబ్దమున సిరియాక్ కవియగు ఎఫ్రేము, తాను మతభ్రష్టులని యెంచినవారి పాటలు జనుల నోట ఆడుచుండుట చూచి, ఆ వరుసలకే తన స్తోత్రములను కూర్చెనని ప్రాచీన చరిత్రకారులు వ్రాసిరి. సంగీతము బాగుగా ఎరిగిన మతసంస్కర్త జ్వింగ్లీ ఆరాధనలో సంగీతమే కూడదన్నందున జూరికునగర మహామందిరపు ఆర్గను 1527లో ఊడదీయబడెను. హాస్లరను జర్మనుడు 1601లో ప్రకటించిన ప్రేమగీతపు వరుస, నూరేండ్లు గడచి సంగీతకర్తయగు బాఖు చేతికి వచ్చుసరికి క్రీస్తు శ్రమలను కీర్తించు పాటయైనది. రోమను కతోలికుల ద్వితీయ వాటికన్ మహాసభయు, ఆర్గనును గౌరవించుచునే, ఆయా జాతుల సంగీతసంప్రదాయములకు ఆరాధనలో తగిన స్థానమీయవలెనని 1963లో నిర్ణయించినది.

మనవైపు సినిమా మందిరములో ప్రవేశించుట నిన్నమొన్నటి సంగతియు కాదు. భీమ్‌సింగ్ దర్శకత్వమున, విజయచందర్ క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' 1978లో వచ్చినది. అందులో మోదుకూరి జాన్సన్ రచింపగా బాలసుబ్రహ్మణ్యము పాడిన సిలువయాత్రా గీతము అనతికాలములోనే మంచి శుక్రవారపు పాటయై కూర్చున్నది. అది సినిమాపాటయే, అయినను నేడు దానిని నిషేధింపుమని పెద్దలెవ్వరును కోరరు. ఆపైన క్యాసెట్లు వచ్చినవి. సినీగాయకులే క్రైస్తవగీతములు పాడిరి. కాలిఫోర్నియాలో 1960ల చివర క్రీస్తును ఆశ్రయించిన యువకులు గిటారుతో ప్రారంభించిన స్తుతిగానపు పద్ధతి ఖండములు దాటి హైదరాబాదు చేరినది. హైదరాబాదునుండి చేతిఫోనులో ఉద్దానము చేరుటకు రెండు నిమిషములైనను పట్టదు. బ్రతుకుతెరువునకై చెన్నపట్టణమో, గల్ఫుదేశములో పోయిన యువకుడు అక్కడ విన్న పాటను ఊరికి పంపును. ఇంటిలోని పిల్లలు వచ్చే ఆదివారము దానిని పాడుదురు.

అయినను పెద్దల ఆక్షేపణను చాదస్తమని త్రోసివేయుట న్యాయముకాదు. వరుసకు జ్ఞాపకశక్తి కలదు. హాస్లరు పాటలోని ప్రేయసిని మరపించుటకు కొంత కాలము పట్టియుండును. నిన్న సినిమాహాలులో విన్న పాటకు నేడు స్తుతిపదములు తొడిగిన, పెదవిపై దేవుని నామమున్నను కంటియెదుట నాయికయే కదలును. అందుచేత నడుచుచున్న సినిమాపాట వరుసను యథాతథముగా ఎత్తుకొనుట వేరు, ఆ కాలపు సంగీతధోరణిలో క్రొత్త వరుసను కల్పించుకొనుట వేరు. మొదటిది దారిద్ర్యము, రెండవది చౌదరి చేసిన పని.

క్రొత్తపాటలపై మా ఫిర్యాదు మరియొకటి. వానిలో పెక్కు స్టూడియోలో నేర్పరియైన గాయకునికొరకు, నేర్పరులైన వాదకులతో కట్టబడినవి. శ్రుతి ఆకాశమంటును, చరణమునకు చరణమునకు నడుమ దీర్ఘవాద్యఘోష, పాడువాడెప్పుడందుకొనవలెనో వాయించువానికే తెలియును. మైకు పట్టుకొన్న నలుగురు పాడుదురు. చాపలమీద కూర్చున్న సంఘము చప్పట్లు చరచును, పిమ్మట చప్పట్లును మాని వినును. వారమంతయు పలాస జీడిబట్టీలలో గింజలు ఒలిచిన స్త్రీ ఆదివారము నోరార పాడుకొనుటకు వచ్చి, శ్రోతయై తిరిగిపోవును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానమును ఊడ్చివైచి, చెట్టుతోపాటు కరెంటుస్తంభమును కూల్చి, గ్రామములను దినములకొలది చీకటిలో ఉంచినది. అట్టి దినములలో కరెంటుతీగ లేనిదే పలుకని వాద్యము మూగవోవును. నోటికి వచ్చిన పల్లవికి తీగ అక్కరలేదు. ఇట్లని క్రొత్తపాటలన్నియు అట్టివే యనలేము. తేలికయైన వరుసలో, రెండుసార్లు విన్నంతనే నోటికి పట్టునట్టి పాటలను వ్రాసినవారును కలరు. వారి పాటలు ఊళ్లలో నిలిచినవి, నిలుచును. ఏ పాటను సంఘము పాడగలదో అది ఏ కాలపుదైనను, ఏ వాద్యముతోనైనను మందిరములోనికి రావచ్చును. దేనిని పాడలేక వినుచు కూర్చుండునో అది ఎంత పవిత్రమైన రాగమున నున్నను సభావేదికకు తగును గాని ఆరాధనకు తగదు. ఈ కొలత పాతకీర్తనకును వర్తించును. గమకములతో సాగదీసి, తనకుతప్ప ఎవ్వరికిని రానట్లు పాడు పెద్దగాయకుడును ఆ మైకు పట్టిన కుర్రవాని అన్నయే.

యవ్వనస్థుల మొరలో ఒకటి మాత్రము మేము త్రోసిపుచ్చలేము. చౌదరి కీర్తనలలోని గ్రాంథికపదములు వారికి తెలియవు; తెలియని మాటను భక్తితో పలుకుమనుట కష్టమే. వ్యావహారికభాషకై జీవితము ధారవోసిన గిడుగు రామమూర్తి పంతులు జన్మించిన శ్రీకాకుళపు జిల్లా ఇది. ఆ జిల్లానుగూర్చి ఇట్టి భాషలో వ్రాయుచున్న మేము ఈ విషయమున కుర్రవారిని మందలించుటకు అర్హులము కాము.

ఈ వాదోపవాదములలో ఇరుపక్షములకును తట్టనిదొకటి కలదు. ఇక్కడి తప్పెటగుళ్ల దరువు, జముకుల కథ నడక, వలలాగునప్పటి పాట ఆ కీర్తనలపుస్తకములోను అరుదు, ఈ క్రొత్తపాటలలోను అరుదు. గ్రామదేవతల జాతరలతో ముడిపడినవగుటచేత తొలితరమువారు వానికి దూరముగా నిలిచియుందురు. అది అర్థము చేసికొనదగినదే. కాని తంజావూరు రాగమునకు దొరికిన మన్నింపు, పాశ్చాత్య గిటారుకు దొరకుచున్న మన్నింపు, ఊరి దరువునకేల దొరకరాదో మాకు బోధపడదు.

మరియొక తొందరపనియు కలదు. కీర్తనలపుస్తకపు సామాన్యప్రతులలో ప్రతి పాటకును రాగతాళముల పేర్లుండును గాని స్వరలిపి యుండదు. వరుస యావత్తు వృద్ధుల కంఠములలోనే ఉన్నది, అదియు ఊరికొక తీరుగా. రాగముపేరు చదివి పాట కట్టుకొనగలవారు సంఘములలో వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. టెక్కలి, మందస, సోంపేటల ముదుసలులు ఆ కీర్తనలను ఎట్లు పాడుదురో ఇప్పుడే ధ్వనిముద్రణ చేసికొని యుంచుట మంచిది. అందులకు కావలసిన ఫోనులును, వానిని వాడు నేర్పును, కీబోర్డు కావలెనని పేచీపెట్టుచున్న ఆ యవ్వనస్థుల చేతులలోనే ఉన్నవి.