మీకు తెలుసా? మెదడులో బంక, మిల్లులో తవుడు

మన మెదడులో ఆలోచించే నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వాటి పక్కనే దాదాపు అన్నే సహాయక కణాలూ ఉన్నాయి. వాటిని గ్లియా అంటారు. గ్రీకులో ఆ మాటకి బంక అని అర్థం. 1856లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఆ పేరు పెట్టినప్పుడు, నాడీకణాల్ని అంటించి ఉంచే జిగురే అనుకున్నాడు.

నిజానికి మెదడు ఇంటి చాకిరీ అంతా వాటిదే. నక్షత్రాల్లా ఉండే ఆస్ట్రోసైట్లు నాడీకణాలకి తిండి అందిస్తాయి, వాడగా మిగిలిన గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు ఎత్తిపోస్తాయి. మరోరకం కణాలు, కరెంటు తీగకి తొడుగులా నాడీతంతువులకి కొవ్వుపొర చుడతాయి. మైక్రోగ్లియా కాపలా కాస్తాయి. ఏళ్ల తరబడి మద్యం తాగేవాళ్లలో ఆ తొడుగు పలచబడుతుంది, కాపలా కణాలే రెచ్చిపోయి మెదడులో వాపు పుట్టిస్తాయి.

తాగేవాళ్ల మెదడుని దెబ్బతీసే మరో కారణం విటమిన్ బి1 లోటు. ఆ లోటుకి మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒక పాత చుట్టరికం ఉంది. ఈ తీరం ఒకప్పుడు బెరిబెరికి పేరుపడ్డ ఉత్తర సర్కారుల్లో భాగం. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు ఉబ్బి, గుండె ఆగే ఆ జబ్బు మీద మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేశాడు. 1940 ప్రాంతంలో కూనూరు పోషకాహార ప్రయోగశాల నుంచి ఐక్రాయిడ్ బృందం కారణం చూపించింది. ఇక్కడ తినేది మిల్లులో తెల్లగా పట్టిన పచ్చిబియ్యం. విటమిన్ బి1 ఉన్న తవుడు గేదెల తొట్టిలోకి పోయేది. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి ఆ బెడద అంతగా లేదు. వడ్లు ఉడికేటప్పుడు బి1 గింజ లోపలికి ఇంకుతుంది మరి. ఇక అన్నం వండి గంజి వారిస్తే, మిగిలిన కాస్తా నీళ్లతో పోతుంది.

తాగేవాడి ఇంట్లో ఈ లోటు ఇప్పటికీ కనిపిస్తుంది. రాత్రి వచ్చి "అన్నం వద్దు" అంటాడు. ఇల్లాలు పళ్లెం మీద మూతపెట్టి కూర్చుంటుంది. తెల్లారి ఆ అన్నం అలాగే ఉంటుంది. తిన్న కాస్త తిండిలోని బి1ని కూడా పేగు సరిగ్గా పీల్చుకోకుండా మద్యం అడ్డుపడుతుంది. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకి మించదు. బి1 తగ్గిన ఎలుకల్లో ఆస్ట్రోసైట్ల గ్లుటమేట్ పంపులు తగ్గిపోయాయి. ఎత్తిపోసే దిక్కులేక పేరుకున్న ఆ రసాయనం నాడీకణాల్ని దెబ్బతీస్తుంది.

తాగని పూట కూడా తూలడం, కళ్లు అదరడం, వస్తువులు రెండుగా కనిపించడం, తికమక: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా "మత్తు దిగలేదులే" అని వదిలేయొద్దు. అది 1881లో వెర్నికే వర్ణించిన జబ్బు కావచ్చు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజు సెలైన్ ఎక్కించేస్తారు. గ్లూకోజు మండడానికీ బి1 కావాలి కాబట్టి, ఉన్న కాస్తా ఖర్చయిపోయి జబ్బు ముదరొచ్చు. అందుకే ఆసుపత్రిలో ముందుగానో, దానితోపాటో బి1 ఇంజెక్షన్ ఇస్తారు. ఆలస్యమైతే జ్ఞాపకాలు చెరిగిపోవచ్చు. ఖాళీల్లో మెదడు తనే కథలు అల్లుతుంది. ఇంట్లోవాళ్లు అబద్ధాలనుకుంటారు. అతనికి మాత్రం అవి నిజాలే.

ఇంకోమాట. అయ్యప్ప మాల కోసం ఒక్కరోజులో మానేసేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. ఆ సంకల్పం గొప్పది. కానీ రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే గ్లుటమేట్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు. దాన్ని గాలి సోకడం అనుకోకూడదు. మాలకి ముందే డాక్టర్ని కలవాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మానేసి నిలబడ్డవాళ్ల మెదడు స్కానుల్లో, పలచబడ్డ ఆ తెల్లని తొడుగుల భాగం కొన్ని నెలల్లోనే కొంత తిరిగి పుంజుకోవడం కనిపించింది.