పత్తి పొడి, నీళ్లు, రంగులు

ఎల్‌సీడీ టీవీ తెరలో ఉండే ద్రవస్ఫటికాలు పెద్ద ఫ్యాక్టరీల్లో, ఖరీదైన రసాయనాలతోనే తయారవుతాయని చాలామంది అనుకుంటారు. పత్తిలోని సెల్యులోజ్‌తోనూ ద్రవస్ఫటికాలు చేయవచ్చు. దేంట్లో కరిగిస్తున్నామన్నదే ముఖ్యం.

సెల్యులోజ్ అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. చొక్కాను ఎన్నిసార్లు ఉతికినా కరగనిది అందుకే. ప్రొపిలీన్ ఆక్సైడ్‌తో చర్య జరిపితే ఆ పట్టు సడలి, హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి వస్తుంది. అది చల్లటి నీళ్లలో కరుగుతుంది. మాత్రల పైపూతలో వాడేదే.

నీళ్లలో కొద్దిగా కలిపితే మామూలు జిగురు. బాగా దట్టించి కలిపితే ఆ ముద్ద, ఏ రంగూ వేయకుండానే, రంగులీనుతుందని 1976లో కెనడాలోని మాక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డెరెక్ గ్రే, ఆయన సహ పరిశోధకులు చూపించారు. అగరుబత్తి పుల్లలు నాలుగు నేల మీద వేస్తే తలో దిక్కుకు పడతాయి. డబ్బాలో కుక్కితే చచ్చినట్టు ఒకే వరుసలో ఉంటాయి. గొలుసులూ అంతే. పైగా ఒక్కో పొర కింది పొరకన్నా కాస్త మెలి తిరిగి ఉంటుంది. ఆ మెలిక పొడవు కాంతి తరంగం పొడవుకు దగ్గరైనప్పుడు ఒక రంగు మాత్రమే కంటికి తిరిగొస్తుంది. ఇది నూటికి 60, 70 పాళ్లు పొడి ఉన్నప్పటి మాట. నీళ్లు తగ్గితే నీలం వైపు, పెరిగితే ఎరుపు వైపు జరుగుతుంది. వేడెక్కినా ఎరుపు వైపే. 45 డిగ్రీల దరిదాపుల్లో పొడి నీళ్ల నుంచి విడిపోయి ముద్ద తెల్లబడుతుంది. కాబట్టి మన మే నెల ఎండలో దాన్ని ఆరుబయట పెట్టకూడదు.

ద్రావణి పని కరిగించడంతో అయిపోదు. గొలుసు ఎంత బిగుసుగా నిలవాలో, పొర ఎంత మెలి తిరగాలో కూడా అదే తేలుస్తుంది. ఇదే పొడిని మిథనాల్‌లోనో అసిటిక్ ఆమ్లంలోనో వేస్తే వరుస కట్టే గాఢత మారిపోతుంది. ఇథైల్ సెల్యులోజ్ అయితే నీళ్లలో కరగనే కరగదు, క్లోరోఫాం లాంటిది కావాలి. సెల్యులోజ్ ట్రైఅసిటేట్‌ను ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లంలో కరిగిస్తారు. అది చర్మం మీద పడితే కాలుస్తుంది.

చిన్న కాలేజీ ల్యాబ్‌కు ఈ తేడా చాలా పెద్దది. క్లోరోఫాంతో పని అంటే ఆవిరి లాగేసే ప్రత్యేక గది ఉండాలి. నీళ్లతో అయితే పొడి, రెండు గాజు పలకలు చాలు. ద్రవస్ఫటికాల శాస్త్రం మనకు దూరమైనదీ కాదు. నాణేల దొంతరలా పేర్చుకునే కొత్త రకం ద్రవస్ఫటికాలను 1977లో ఎస్. చంద్రశేఖర్ బృందం బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలోనే కనుక్కుంది. చిత్తూరు, పలమనేరు పిల్లలకు అది పక్క ఊరే. ల్యాబ్‌కు సాయం చేయదలచిన దాతలు ముందుగా ఏ ద్రావణితో ప్రయోగాలు చేయిస్తారో అడగడం మంచిది. నీళ్ల ప్రయోగానికి కొంచెం ఓపిక మాత్రం కావాలి. ముద్ద తేనె కన్నా చిక్కన, కలిపాక గాలి బుడగలు పోవడానికే కొన్ని రోజులు పడుతుంది.