కాలేయంలో కొవ్వును కరిగించే ఎంజైము ఎక్కడ ఉన్నది?

దేవరకొండలోని నా వైద్యశాలకు ఒక యువకుడు వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. కాలేయానికి కొవ్వు పట్టినదని తెలిపే స్కానింగు కాగితం చేతిలో ఉన్నది. సంచిలో లైపేజు అనే ఎంజైము క్యాప్సూళ్ల సీసా. “పంతులుగారూ, లైపేజు కొవ్వును అరిగిస్తదంట గదా. ఇవి మింగితే లివర్ల కొవ్వు కరుగుతదా?” అని అడిగాడు. ఆ సీసాను నమ్ముకొని, డాక్టరుగారు రమ్మన్న తేదీకి వెళ్లడం కూడా మానుకొన్నాడు.

అతని ప్రశ్నకు సమాధానం ఆ ఎంజైము ఉండే చోటులోనే ఉన్నది.

మనం తిన్న నెయ్యి, నూనె ముఖ్యంగా అరిగేది చిన్నప్రేవులలో. అక్కడ క్లోమం నుండి వచ్చే లైపేజు కొవ్వును విడగొడుతుంది. కాలేయం పంపే పైత్యరసం, కుంకుడు రసం తలనూనెను విడదీసినట్లు, కొవ్వును సన్నని బిందువులుగా చేసి ఆ పనికి తోడ్పడుతుంది. పైత్యరసమే కొవ్వును అరిగిస్తుందని నేనూ చాలాకాలం రోగులకు చెప్పాను. అది నా పొరపాటు.

గడప దగ్గర కావలి

కాలేయానికి సొంత లైపేజు వేరే ఉన్నది. కాలేయ కణాలు దానిని తయారుచేసి వెలుపలికి పంపుతాయి. కణానికీ, పక్కనే పారే సన్నని రక్తనాళానికీ నడుమ ఒక ఇరుకు సందు ఉన్నది. ఆ సందులోను, నాళపు గోడమీదను, హెపరాన్ సల్ఫేటు అనే పోగులను పట్టుకొని ఈ ఎంజైము నిలిచి, రక్తంలో వచ్చే కొవ్వు రేణువులను విడగొడుతుంది. హెపారిన్ సూది వేసినప్పుడు అది పట్టు వదలి రక్తంలోకి వస్తుంది. కణం వెలుపల, గడపలోనే దాని స్థానమనుటకు ఇది నిదర్శనం.

కణం లోపల లైసోజోములనే చిన్న సంచులలో మరొక లైపేజు, పేరుకొన్న కొవ్వు బిందువుల మీద ఇంకొన్ని ఉంటాయి. లోపలి నిల్వను కరిగించేవి ఇవి.

యకృత్తు, ప్లీహములలో రంజకపిత్తం ఉన్నదని గురుకులంలో సుశ్రుతసంహితలో చదువుకొన్నాము. రసాన్ని రక్తంగా మార్చడం దాని పని. దానినే లైపేజు అనడం ఉభయ శాస్త్రాలకూ అన్యాయం.

మింగిన లైపేజు ప్రేవులలోనే పనిచేసి, అక్కడే అరిగిపోతుంది. క్లోమం చెడినవారికి డాక్టర్లు దానిని ఇచ్చేది అందుకే. కాలేయపు గడపకు అది చేరదు.

మరి ఉపాయమేమి?

2025లో ప్రచురితమైన అధ్యయనంలో హైదరాబాదు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించగా, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. అక్కరకు మించిన తీపిని కాలేయం కొవ్వుగా మార్చుకొంటుంది. కనుక వచ్చేది తగ్గాలి, ఖర్చు పెరగాలి. 80 కిలోల స్థూలకాయుడు నెమ్మదిగా 4 కిలోలు తగ్గితే కాలేయపు కొవ్వు తగ్గుతుంది. 6 నుండి 8 కిలోలు తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం ఉన్నది.

పథ్యం: శీతల పానీయాలు, మిఠాయిలు మానాలి. మద్యం పూర్తిగా వర్జ్యం. అన్నం తగ్గించి, మితంగా జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, ఉలవచారు, వెన్న తీసిన మజ్జిగ తీసుకోవాలి. నిత్యం అరగంటకు తగ్గక వేగంగా నడవాలి. మధుమేహం మందులు వాడేవారు డాక్టరును అడిగి ఆహారం మార్చుకోవాలి.

మూలిక అన్నంత మాత్రాన నిరపాయం కాదు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. ఆ విషయమై వాదోపవాదాలు జరిగినా, కాలేయ రోగులకు దానిని నేను ఇవ్వడం లేదు.

యువకుడు సీసాను నా బల్లమీదనే వదలి, డాక్టరుగారి వద్దకు బయలుదేరాడు. పాఠకులకూ నా మనవి అదే. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బి నీరు చేరినా, రక్తం కక్కినా, మలం తారువలె నల్లబడినా, ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.