చూచిన కన్ను, వ్రాసిన కాగితము

ఆటలో తీర్పునకును, చూచువారి మనస్సునకును పొత్తు కుదరకపోవుట క్రొత్త కాదు. క్రికెట్టు వ్యాఖ్యానమును రేడియోలో వినుచు, అంపైరు వ్రేలెత్తెనని తెలిసినంతనే “అది ఔటు కానే కాదు” అని వాదులాడుకొనని యిల్లు మనలో అరుదు. ఆ వాదము మన చావడి దాటిపోదు. కాని, ఇంట కూర్చున్న ప్రేక్షకుని మాట మైదానము వరకు పోయి ఫలితమునే మార్చివేసిన సందర్భమొకటి గోల్ఫ్ ఆటలో కలదు. దానిని గూర్చి వివరింపదలచితిమి.

ముందుగా ఆ యాట స్వభావమును కొంత తెలిసికొనవలెను. బంతిని కర్రతో కొట్టుచు వరుసగా 18 గుంటలలో పడవేయవలెను. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. పెద్ద పోటీలు సాధారణముగా నాలుగు దినములు సాగును. మైదానము సువిశాలమైనది, ప్రతి ఆటగాని వెంట న్యాయనిర్ణేత నడువడు. తన తప్పును తానే చెప్పుకొనుట ఈ యాటకు ప్రాణము. తోడి ఆటగాడు లెక్క వ్రాయును. ఆడినవాడు దానిని సరిచూచి సంతకము చేయవలెను. ఒక గుంటకు వ్రాసిన లెక్క అసలుకంటె తక్కువయైనచో పోటీనుండి తొలగింతురు. ఎక్కువయైనచో ఆ యెక్కువ లెక్కయే నిలుచును.

ఈ నియమమెంత కఠినమో 1968లో లోకమునకు తెలిసినది. అమెరికాలోని అగస్టాలో ఏప్రిల్ 14వ తేదీన మాస్టర్స్ పోటీ చివరి దినము జరిగెను. అర్జెంటీనా దేశీయుడు రాబర్టో డి విసెంజోకు అది 45వ జన్మదినము. 17వ గుంటను అతడు మూడు దెబ్బలలో ముగించుట మైదానముననున్నవారును, టెలివిజన్ ముందున్నవారును చూచిరి. లెక్క వ్రాయుచున్న టామీ ఆరన్ మాత్రము పొరపాటున నాలుగని వ్రాసెను. డి విసెంజో గమనింపక సంతకము చేసెను. ఆనాటి 65 కాస్త 66 అయినది. బాబ్ గోల్బీతో సమముగా నిలిచి మరునాడు మరల తలపడవలసినవాడు ఒక్క దెబ్బ తేడాతో రెండవవాడయ్యెను. అందరి కన్నులు చూచిన మూడు ఓడినది; కాగితముపై నున్న నాలుగు గెలిచినది. డి విసెంజో తననే నిందించుకొనెను. అభిమానులు శాంతింపలేదు. ఏ పాపమెరుగని గోల్బీకి నిందలతో నిండిన ఉత్తరములు వచ్చినవి.

దాదాపు అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట కథ తలక్రిందులయ్యెను. 2017లో కాలిఫోర్నియాలోని రాంచో మిరాజ్‌లో మహిళల పెద్ద పోటీలలో నొకటియగు ఏ.ఎన్.ఏ. ఇన్‌స్పిరేషన్ జరుగుచుండెను. ఏప్రిల్ 1వ తేదీ శనివారమునాడు, 17వ గుంట వద్ద, లెక్సీ థాంప్సన్ అను అమెరికా క్రీడాకారిణి బంతి గుంటకు అడుగు దూరమున ఆగెను. ఆమె గుర్తుంచి బంతినెత్తి, మరల పెట్టునప్పుడు ఉన్నచోటునకు కొద్దిగా ప్రక్కన పెట్టెను. తోడివారు గాని, అధికారులు గాని గమనింపలేదు. లెక్కపై సంతకమును ముగిసెను.

మరునాడు ఒక ప్రేక్షకుడు ఈమెయిల్ పంపెను. అధికారులు చిత్రమును మరల చూచిరి. ఆదివారము 12 గుంటలు ముగించి, రెండు దెబ్బల ఆధిక్యముతో ముందున్న థాంప్సన్‌కు పిడుగువంటి వార్త చెప్పిరి: బంతిని తప్పుచోట పెట్టినందుకు రెండు, తప్పు లెక్కపై సంతకము చేసినందుకు మరి రెండు, వెరసి నాలుగు దెబ్బల శిక్ష. ఆమె కన్నీరు పెట్టుకొనెను. గుంపులు గుంపులుగా జనము ఆమె పేరెత్తి కేకలు వేసి ధైర్యము చెప్పిరి. ఆమె కోలుకొని చివరకు సమముగా నిలిచెను గాని, అదనపు ఆటలో మొదటి గుంట వద్దనే దక్షిణ కొరియాకు చెందిన సో యోన్ ర్యూ గెలిచెను.

అభిమానులలో వివాదము చెలరేగెను. బంతిని తీసినచోటనే పెట్టవలెను, అంగుళమైనను అంగుళమే అని కొందరనిరి. తప్పు చేసినట్లే యెరుగని మనిషి సంతకమునకు రెండవ శిక్ష యేమని మరికొందరడిగిరి. ముందున్నవారినే కెమెరా వెన్నంటును. వెనుకనున్నవారి తప్పులను చూచువారెవరు అను ప్రశ్నయు వచ్చినది. ఇంట కూర్చున్నవారు న్యాయనిర్ణేతలు కారాదని టైగర్ వుడ్స్ బహిరంగముగా పలికెను.

మా యభిప్రాయమున ఈ మూడవ ప్రశ్నయే బలమైనది. నియమము కఠినముగా నుండవచ్చును. అందరిపై సమముగా పడినంతవరకు దానిని సహింపవచ్చును. ఒకరి అడుగులను మాత్రమే భూతద్దముతో చూచినచో అది నియమపాలన యనిపించుకొనదు.

నియమకర్తలు ఈ వాదమును పెడచెవిని పెట్టలేదు. బ్రిటనులోని ఆర్. అండ్ ఎ., అమెరికా గోల్ఫ్ సంఘము ఆ ఏప్రిల్ నెలలోనే ఒక నిర్ణయము వెలువరించినవి. మామూలు కంటికి కనబడనిదానిని చిత్రములో పెద్దదిచేసి చూచి శిక్షింపరాదు. చోటు నిర్ణయించుటలో ఆటగాడు తగిన శ్రద్ధ వహించినచో చాలును. 2018 జనవరి 1 నుండి ప్రేక్షకుల ఫిర్యాదులను స్వీకరించుట మానిరి. ప్రసారమును గమనించుటకు అధికారినే నియమించిరి. తెలియని శిక్షను లెక్కలో చేర్చనందుకు విధించు అదనపు శిక్షను తొలగించిరి.

ఇట్లు అభిమానుల కోపము వ్యర్థము కాలేదు. కాని అది ఎవరిపై పడవలెనో వారిపై పడినప్పుడే ఫలించును. 1968లో అది గోల్బీ యింటి గుమ్మము తట్టినది. 2017లో నియమమును తట్టినది. నియమము మారినను పాత ఫలితములు మారవు. గెలిచినవారి పట్టికలో నేటికిని గోల్బీ, ర్యూ పేర్లే యున్నవి. వారును నియమము ప్రకారము ఆడి గెలిచినవారే యని మరువరాదు.